లారా, సూపర్బ్ 1.8 టీఎస్ఐ వాళ్లకి: స్టేజ్ వన్ సంగతి తర్వాత, ముందు టైమింగ్ చెయిన్ టెన్షనర్ మార్పించండి

వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్ స్కోడా కొన్న కుర్రాళ్లు ఎవరు కలిసినా అడిగేది ఒకటే, అన్నా రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచటం, అందులో మొదటి మెట్టే స్టేజ్ వన్) ఎక్కడ చేయించాలి, స్టేజ్ వన్‌కి ఎంత పవర్ పెరుగుద్ది అని. లారా 1.8 టీఎస్ఐ గానీ, లారా ఆర్ఎస్ గానీ, పాత షేప్ సూపర్బ్ 1.8 గానీ తక్కువ రేటుకే దొరుకుతున్నాయి, 1798 సీసీ టర్బో, 160 పీఎస్, 250 ఎన్ఎం టార్క్, ఆనందపురం దాటి హైవే మీద థర్డ్ గేర్‌లో తొక్కితే వీపు సీటుకి అంటుకుపోద్ది, ఆ రుచి తెలిసినోడికి ఇంకాస్త కావాలనిపించటం మామూలే. కానీ నేను ఎవరికైనా చెప్పేది ముందు టెన్షనర్ (టైమింగ్ చెయిన్ని బిగుతుగా పట్టే భాగం) సంగతి తేల్చుకుని తర్వాత మిగతా మాటలు మాట్లాడమని. ఈ ఇంజిన్లో మిగతాదంతా గట్టి సరుకే, హెడ్ మంచిది, బ్లాక్ కాస్ట్ ఐరన్, టర్బో కూడా మనం మర్యాదగా వాడితే చాలాకాలం వస్తుంది. బలహీనమైన చోటు ఆ చిన్న టెన్షనరే, అది పోతే మొత్తం ఇంజిన్ని తనతో పాటు తీసుకుపోద్ది.

ఏ బండ్లకి ఇది వర్తిస్తుందో ముందు చెప్తా. ఇంజిన్ ఫ్యామిలీ పేరు ఈఏ888, అందులో మొదటి రెండు జనరేషన్లు మన సమస్య. సూపర్బ్ ఇక్కడ 2009లో వచ్చింది, అందులోనూ లారాలోనూ ఉండే సీడీఏఏ కోడ్ ఇంజిన్ రెండో జనరేషన్. అదే కాలం ఆడీ ఏ4 1.8, 2.0 పెట్రోల్ బండ్లలో కూడా ఇదే ఫ్యామిలీ ఇంజినే గానీ అందులో ఇంజిన్ బండి పొడవునా ఉంటుంది కాబట్టి విప్పే పద్ధతి కొంచెం వేరు. 2013 చివర్లో వచ్చిన ఆక్టావియా 1.8 (180 పీఎస్ది), ఆ తర్వాతి పోలో జీటీఐ, ఆక్టావియా ఆర్ఎస్ ఇవన్నీ మూడో జనరేషన్, వాళ్లు దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. పోలో జీటీ టీఎస్ఐ 1.2 వాళ్లు కూడా చెయిన్ గురించి అడుగుతారు, అది పూర్తిగా వేరే ఇంజిన్, ఈ రాసినవేవీ దానికి వాడొద్దు.

అసలు ఏటవుద్ది అంటే. ఈ ఇంజిన్లో బెల్ట్ ఉండదు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) నుంచి క్యామ్ షాఫ్టులకి (వాల్వులు తెరిచే షాఫ్టులు) చెయిన్ వెళ్తుంది. ఆ చెయిన్ ఎప్పుడూ బిగుతుగా ఉండాలి, ఆ బిగుతు ఇచ్చేది టెన్షనర్. లోపల ఒక ప్లంజర్ ఉంటుంది, ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఆయిల్ ప్రెషర్ దాన్ని బయటికి తోస్తూ గైడ్ ద్వారా చెయిన్ని నొక్కి పట్టుకుంటుంది. బండి ఆపేశాక ఆయిల్ ప్రెషర్ పోద్ది కదా, అప్పుడు ప్లంజర్ వెనక్కి రాకుండా దాని మీదున్న పళ్లని ఒక చిన్న క్లిప్పు పట్టుకుంటుంది, ఇదే ర్యాచెట్. పాత టెన్షనర్‌లో ఈ క్లిప్పు పెళుసు. అది విరిగినా అరిగినా బండి రాత్రంతా నిలబడి ఉన్నప్పుడు ప్లంజర్ లోపలికి జారిపోద్ది, చెయిన్ వదులైపోద్ది, పొద్దున్న తాళం తిప్పగానే ఆయిల్ ప్రెషర్ వచ్చేలోపే చెయిన్ స్ప్రాకెట్ మీద ఒకటో రెండో పళ్లు ఎగిరి కూర్చుంటుంది. ఇది పిస్టన్‌కి వాల్వుకి మధ్య జాగా తక్కువుండే ఇంజిన్, టైమింగ్ తప్పిందంటే పిస్టన్ వెళ్లి వాల్వుల్ని కొడుతుంది, వాల్వులు వంగిపోతాయి, హెడ్ దింపాలి, ఒక్కోసారి పిస్టన్లు కూడా పోతాయి. అందుకే ఇది హైవే మీద 150లో వెళ్తుంటే పోయే జబ్బు కాదు, ఎక్కువగా ఇంటి పార్కింగ్‌లో స్టార్ట్ చేసేటప్పుడే పోద్ది, నిన్న రాత్రి దాకా బాగానే నడిచింది గురూ అంటారు అందరూ.

కంపెనీకి ఈ విషయం తెలియక కాదు. తర్వాత డిజైన్ మార్చి కొత్త టెన్షనర్ ఇచ్చారు, అమెరికాలో ఓనర్లు కోర్టుకెక్కితే 2018లో సెటిల్మెంట్ కూడా అయింది. కొత్త పార్ట్ నంబర్ 06కె 109 467 కె. పాతవన్నీ 06హెచ్ తో మొదలవుతాయి. ఈ నంబర్ ఫోన్‌లో రాసి పెట్టుకోండి, పార్ట్స్ కొట్టు వాడు ఏ డబ్బా ఇచ్చినా డబ్బా మీద కాదు, వస్తువు మీద ఏముందో చూసుకోండి.

మీ బండిలో ఏది ఉందో తెలుసుకోవటం ఎలా? మొదటిది చెవులు. పొద్దున్న మొదటి స్టార్ట్‌కి కిటికీలు దించి, ఏసీ, మ్యూజిక్ ఆపి, బానెట్ తెరిచి ఒక మనిషిని కుడిపక్క టైరు దగ్గర నిలబెట్టి తాళం తిప్పండి. ఒకటి రెండు సెకన్లు గరగరమని గొలుసు డబ్బాలో ఊపినట్టు శబ్దం వచ్చి ఆగిపోతే అది చెయిన్. ఇంజెక్టర్ల టిక్కు టిక్కు శబ్దం వేరు, అది నడుస్తున్నంతసేపూ ఉంటుంది, డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లకి అది మామూలే, దానికి భయపడి చెయిన్ విప్పించుకోకండి. రెండోది స్కానర్. పీ0016 కోడ్ వచ్చిందంటే క్రాంక్‌కీ క్యామ్‌కీ లెక్క కుదరట్లేదని అర్థం, ఇక బండి కదపొద్దు. కోడ్ రాకపోయినా వీసీడీఎస్ లాంటి టూల్ ఉన్నోడి దగ్గర మెజరింగ్ బ్లాక్ 93 చూపించుకోండి, అందులో క్యామ్ ఫేజ్ పొజిషన్ డిగ్రీల్లో కనిపిస్తుంది. సున్నా దగ్గర ఉంటే చెయిన్ బాగున్నట్టు, మైనస్ 4 దాటి వెళ్తోందంటే చెయిన్ సాగిపోయిందని ఈ పని చేసేవాళ్లు లెక్కేసుకుంటారు. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిల్లో చూడాలి.

మూడోది కళ్లతో చూడటం, నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ. కుడి ముందు చక్రం తీసి, లోపలి ప్లాస్టిక్ లైనర్ పక్కకి లాగితే కింది టైమింగ్ కవర్ మీద చిన్న రబ్బరు ప్లగ్ కనిపిస్తుంది. అది ఊడదీసి టార్చ్ వేసి చిన్న అద్దంతో గానీ, ఫోన్‌కి తగిలించే ఎండోస్కోప్ కెమెరాతో గానీ లోపలికి చూస్తే టెన్షనర్ మూతి కనిపిస్తుంది. పాతదీ కొత్తదీ ఆకారం వేరుగా ఉంటాయి, రెండిటి ఫొటోలూ పక్కన పెట్టుకుని పోల్చుకోండి. కొత్త రకం ఆల్రెడీ వేసి ఉంటే ప్లంజర్ మీద బయటికి కనిపించే పళ్లు లెక్కపెట్టండి, 6 లోపు ఉంటే చెయిన్ పర్లేదు, 7 కనిపించాయంటే చెయిన్ సాగింది, టెన్షనర్ అంత బయటికి రావాల్సి వచ్చిందంటే ఇక చెయిన్ మార్చటమే. బండి కొనేముందే ఈ చూసుడు చూడగలిగితే ఇంకా మంచిది, అమ్మేవాడు పావుగంట చక్రం తీయనివ్వకపోతే నేనైతే ఆ బండి వదిలేస్తా. పాత ఓనర్ టైమింగ్ చెయిన్ అయిపోయింది బావా అని నోటిమాటగా చెప్తే లెక్కలోకి తీసుకోకండి, బిల్లు మీద పార్ట్ నంబర్ ఉండాలి.

ఇప్పుడు పార్ట్స్. టెన్షనర్ ఒక్కటే మారిస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు, మెకానిక్‌లు కొందరు అదే చెప్తారు కూడా. బండి 50 వేల కిలోమీటర్ల లోపు తిరిగి, బ్లాక్ 93 రీడింగ్ సున్నా దగ్గరుంటే టెన్షనర్ ఒక్కటే వేయటంలో తప్పులేదు. కానీ ఇప్పుడు దొరికే లారాలు అన్నీ లక్ష దాటినవే, మీటర్లో ఎంతున్నా సరే. అంత విప్పాక 12 ఏళ్ల పాత చెయిన్నే మళ్లీ ఎక్కిస్తే చేసిన కూలి దండగ. నా లిస్టు ఇది: క్యామ్ చెయిన్, కొత్త టెన్షనర్, మూడు గైడులు, బ్యాలెన్స్ షాఫ్ట్ (ఇంజిన్ వణుకు తగ్గించే షాఫ్ట్) చెయిన్, దాని టెన్షనర్, దాని గైడులు, కింది టైమింగ్ కవర్, క్రాంక్ ఆయిల్ సీల్, క్రాంక్ పుల్లీ బోల్టు, కింది కవర్ బోల్టులు మొత్తం సెట్టు, ఇంజిన్ మౌంట్ బోల్టులు, పై కవర్ గాస్కెట్. ఆయిల్ పంప్‌కి మూడో చెయిన్ ఉంటుంది, అది చిన్నది, అరుగుదల కనిపిస్తే అదీ వేయండి. కింది కవర్ ఎందుకు కొత్తది అంటారా, అది పల్చటి రేకు, సిలికాన్‌తో అంటించి ఉంటుంది, పీకేటప్పుడు ఎంత నెమ్మదిగా చేసినా అంచు వంకరపోద్ది, దాన్నే సుత్తితో చదును చేసి మళ్లీ అంటిస్తే నెల తిరక్కుండా ఆయిల్ కారుతుంది. బోల్టులు కూడా అంతే, ఇవి ఒకసారి బిగిస్తే సాగే రకం, రెండోసారి పనికిరావు.

పార్ట్స్ గాజువాక ఆటోనగర్లో అడిగితే ఇన్నోవా, స్విఫ్ట్ సామాను ఉన్నంత సులువుగా ఇది ఉండదు, ఆర్డర్ మీద హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో తెప్పించుకోవాల్సిందే, కాబట్టి పార్ట్స్ అన్నీ చేతికొచ్చి, ఒక్కొక్కటీ నంబర్ చూసుకున్నాకే బండి విప్పించండి. సగం విప్పిన బండి లిఫ్ట్ మీద పెట్టి ఒక్క సీల్ కోసం పార్శిల్ ఎదురుచూస్తే షెడ్డు వాడికి విసుగు, మీకు విసుగు. ఐఎన్ఏ, ఫెబి లాంటి పేరున్న కిట్లు తీసుకోండి, లేదా కంపెనీ ఒరిజినల్. సగం రేటుకే ఫుల్ కిట్ అని ఆన్‌లైన్‌లో కనిపించేవాటి జోలికి పోకండి, డూప్లికేట్ వైపర్ వేసుకోండి, డూప్లికేట్ సైడ్ మిర్రర్ వేసుకోండి, డూప్లికేట్ టెన్షనర్ మాత్రం వద్దు. మనం మారుస్తున్నదే ఒక పెళుసు క్లిప్పు కోసం కదా.

ఎవరి చేత చేయించాలి అన్నది ఇంకో పెద్ద సంగతి. ఇంట్లో చేసుకునే పని కాదు అనను, కానీ ఇంజిన్ని పైనుంచి గానీ కింద నుంచి గానీ ఆపే సపోర్ట్, టార్క్ రెంచ్, యాంగిల్ గేజ్, ఈ ఇంజిన్‌కి సంబంధించిన లాకింగ్ టూల్స్ సెట్టు ఇవి లేకుండా మొదలెట్టొద్దు. మేస్త్రిని అడగాల్సిన ప్రశ్న ఎన్నేళ్ల అనుభవం అని కాదు, క్యామ్ లాక్ టూల్ ఉందా, ఎడమ మర వాల్వు (ఇంటేక్ క్యామ్ ముందుండే కంట్రోల్ వాల్వు, దాని సంగతి కింద చెప్తా) విప్పే టూల్ ఉందా అని. మార్కర్‌తో గీతలు పెట్టి ఎక్కించేస్తాం సార్ అన్నాడంటే దండం పెట్టి బయటికి వచ్చేయండి. తెలిసిన ఒకాయన బండికి ఊళ్లో ఒక షెడ్డులో అలాగే గీతలు పెట్టి ఎక్కించారు, స్టార్ట్ అయింది, ఐడిల్లో కొట్టుకుంటూనే ఉంది, ఇంకో చోట విప్పి చూస్తే బ్యాలెన్స్ షాఫ్ట్ ఒకటి తప్పు పొజిషన్లో ఉంది, ఆయన మొదటి షెడ్డుకిచ్చిన కూలి రెండోసారి కూడా ఇచ్చుకున్నాడు.

పని వరసకొద్దాం. బండి చల్లగా ఉండాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కుడి ముందు చక్రం, లైనర్, కింది ప్లాస్టిక్ షీల్డు దింపండి. ఇక్కడే మన ఊరి బండ్లకి మొదటి చికాకు, పెదవాల్తేరు, రుషికొండ, భీమిలి రోడ్డు వైపు ఏళ్లతరబడి సముద్రం గాలికి నిలబడిన బండ్లకి ఈ చిన్న టార్క్స్ స్క్రూలు, క్లిప్పులు తుప్పు పట్టి కరుచుకుపోయి ఉంటాయి, ముందురోజు రాత్రే రస్ట్ స్ప్రే కొట్టి వదిలేస్తే పొద్దున్నకి సులువుగా వస్తాయి, లేదంటే తల అరిగిపోయి డ్రిల్ పెట్టాల్సి వస్తుంది. ఆయిల్ దింపేయండి. ఫ్యాన్ బెల్టు, దాని టెన్షనర్ తీసి, ఇంజిన్ కింద చెక్కముక్క పెట్టి జాకీ ఆనించి లేదా పైనుంచి బార్‌తో వేలాడదీసి కుడిపక్క ఇంజిన్ మౌంట్ విప్పండి.

పై టైమింగ్ కవర్ తీశాక క్రాంక్ పుల్లీ బోల్టుకి సాకెట్ వేసి ఇంజిన్ని నడిచే దిక్కులోనే తిప్పాలి, అంటే పుల్లీకి ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు. పొరపాటున కూడా వెనక్కి తిప్పొద్దు. మార్కు కొంచెం దాటిపోయినా వెనక్కి లాగొద్దు, రెండు చుట్లు ముందుకే తిప్పి మళ్లీ మార్కుకి తెచ్చుకోండి. వెనక్కి తిప్పితే చెయిన్ లాగుడంతా టెన్షనర్ ఉన్న వైపు పడుద్ది, ఆల్రెడీ పెళుసుగా ఉన్న క్లిప్పు అప్పుడే విరిగి, బాగుచేయటానికి తెచ్చిన బండి చేతిలోనే పాడవుద్ది. పుల్లీ మీది గాడి, కింది కవర్ మీది బాణం కలిసి, పైన క్యామ్ స్ప్రాకెట్ల మీది మార్కులు పైకి చూస్తుంటే ఒకటో నంబర్ సిలిండర్ పిస్టన్ టీడీసీలో, అంటే పూర్తిగా పైన ఉన్నట్టు.

ఇప్పుడు ఇంటేక్ క్యామ్ ముందున్న కంట్రోల్ వాల్వు. ఇది ఎడమ మర, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితే ఊడుతుంది. దానికి స్పెషల్ టూల్ ఉంటుంది, చాలామంది తెలియక మామూలు బోల్టులాగా బలం పెట్టి అవతలివైపు తిప్పి దాని తల విరగ్గొడతారు. ఆ తర్వాత క్యామ్‌లు ముందు కూర్చునే బేరింగ్ బ్రిడ్జ్ విప్పాలి. విప్పగానే అందులో వెనకవైపు చిన్న ఆయిల్ జల్లెడ చూడండి, గోరంత ఉంటుంది, సన్నటి మెష్. కొన్ని బండ్లలో అది చిరిగిపోయి ముక్కలు లోపలికి పోయి ఉంటాయి, అవి కంట్రోల్ వాల్వులో ఇరుక్కుంటే టైమింగ్ అడ్జస్టర్ సరిగా పనిచేయదు, కోడ్లు వస్తాయి, చెయిన్ తప్పు వేశారేమో అనుకుని మళ్లీ అంతా విప్పుతారు. మెష్ చిరిగి ఉంటే ముక్కలన్నీ దొరికాయో లేదో వెతికి, బ్రిడ్జ్ కొత్తది వేసుకోండి.

క్రాంక్ పుల్లీ బోల్టు విప్పేటప్పుడు పుల్లీని పట్టుకునే టూల్ వాడాలి, గేర్లో వేసి బ్రేక్ తొక్కమనటం ఈ ఇంజిన్‌కి పనికిరాదు. ఎందుకంటే ఇందులో క్రాంక్ స్ప్రాకెట్‌ని ఆ ఒక్క బోల్టే నొక్కి పట్టుకుంటుంది, బోల్టు ఊడాక స్ప్రాకెట్ కదిలే ఛాన్సు ఉంది, అందుకని పుల్లీ తీసిన వెంటనే స్ప్రాకెట్‌ని పట్టి ఉంచే టూల్ బిగించాలి, బోల్టు లేకుండా క్రాంక్ తిప్పకూడదు. కింది కవర్ బోల్టులు చుట్టూ తీసి, అంచులో నెమ్మదిగా లేపుకుంటూ రండి, సీలెంట్ ముక్కలు ఆయిల్ పాన్‌లో పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి.

కవర్ ఊడాక అంతా కళ్ల ముందుంటుంది. ఇక్కడ ఒక ఫొటో కాదు, నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి. టెన్షనర్ ప్లంజర్‌ని లోపలికి నొక్కి పిన్ను పెట్టి లాక్ చేసి, క్యామ్‌లకి లాక్‌లు వేసి అప్పుడు చెయిన్ వదులు చేయండి. లాక్ లేకుండా చెయిన్ తీస్తే వాల్వు స్ప్రింగుల బలానికి క్యామ్ టక్కున తిరిగిపోద్ది. పాత టెన్షనర్ తీశాక దాని క్లిప్పు చూడండి, సన్నటి తీగ ముక్క, ఇంత పెద్ద ఇంజిన్ ప్రాణం దీని మీదా ఉంది అనిపిస్తుంది. ప్లంజర్ని వేలితో నొక్కి చూడండి, ర్యాచెట్ పట్టుకోకుండా లోపలికి పోయిందంటే మీరు సరైన టైముకే వచ్చినట్టు.

బ్యాలెన్స్ షాఫ్టులు రెండూ క్రాంక్ తిరిగే వేగానికి రెట్టింపు వేగంతో తిరుగుతాయి, అందుకే వీటి టైమింగ్ తప్పితే ఇంజిన్ పోదు గానీ వణుకు భరించలేం. వాటి చెయిన్ మార్చేటప్పుడు ఇంటేక్ వైపు షాఫ్ట్‌కి ఉన్న మధ్య గేర్ బోల్టుని అవసరం లేకుండా ముట్టుకోవద్దు, ఆ గేర్ పళ్ల మీద సందు సరిచేసే కోటింగ్ ఉంటుంది, ఒకసారి బోల్టు లూజు చేస్తే కొత్త గేరే వేయాలి. షెడ్డులో కుర్రోడు ఊరికే అన్నీ విప్పేస్తుంటాడు, దీని దగ్గర మాత్రం పక్కన నిలబడి చెప్పండి.

కొత్త చెయిన్లకి రంగు వేసిన లింకులు ఉంటాయి. బ్యాలెన్స్ చెయిన్ ముందు, దాని రంగు లింకులు రెండు షాఫ్టుల స్ప్రాకెట్ మార్కుల మీదకి, క్రాంక్ మార్కు మీదకి తెచ్చి గైడులు, టెన్షనర్ బిగించండి. తర్వాత క్యామ్ చెయిన్, రెండు లింకులు రెండు క్యామ్‌ల మార్కులకి, మూడోది క్రాంక్ మార్కుకి. ఒక పన్ను అటూ ఇటూ ఉంటే కుదిరినట్టు అనిపిస్తుంది కానీ కుదరదు, టార్చ్ వేసి నేరుగా ఎదురుగా నిలబడి చూడండి, పక్కనుంచి చూస్తే కళ్లు మోసం చేస్తాయి. కొత్త టెన్షనర్ పిన్నుతో లాక్ అయ్యే వస్తుంది, బోల్టులు 9 ఎన్ఎం బిగించి, అన్ని మార్కులూ ఇంకోసారి చూసి అప్పుడు మాత్రమే పిన్ను లాగండి. ప్లంజర్ బయటికొచ్చి గైడుని నొక్కుతుంది, అది కళ్లతో చూడాలి.

బ్రిడ్జ్ ఎక్కించి, కంట్రోల్ వాల్వు ఎడమ మర అని గుర్తుపెట్టుకుని బిగించి, క్రాంక్ బోల్టు తాత్కాలికంగా బిగించాక చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు ఆగితే బలం పెట్టొద్దు, ఏదో తప్పుంది. రెండు చుట్ల తర్వాత స్ప్రాకెట్ మార్కులు మళ్లీ కలవాలి. రంగు లింకులు మాత్రం మళ్లీ కలవవు, చెయిన్ పొడవు లెక్క వల్ల అవి చాలా చుట్లకి గానీ తిరిగి అక్కడికి రావు, ఇది చూసి కంగారుపడి మళ్లీ విప్పినవాళ్లు ఉన్నారు.

కింది కవర్‌కి అంచంతా పాత సీలెంట్ గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆయిల్ తట్టుకునే సిలికాన్ సన్నటి గీతలా వేయండి, లావుగా పూస్తే లోపలికి ఉబ్బిన ముక్కలు ఊడి ఆయిల్ పంప్ జల్లెడకి పోయి అడ్డం పడతాయి, పైగా బాగా చేశాం అనుకుంటాం. కవర్ బోల్టులు 8 ఎన్ఎం, ఆపైన 45 డిగ్రీలు. క్రాంక్ బోల్టు కొత్తది, 150 ఎన్ఎం, ఆపైన 90 డిగ్రీలు. మీ ఇంజిన్ కోడ్‌కి మాన్యువల్‌తో ఒకసారి టాలీ చేసుకుని బిగించండి. ఇంపాక్ట్ గన్ విప్పటానికే, బిగించటానికి కాదు. సిలికాన్ ఆరటానికి కనీసం ఆ రాత్రి వదిలేయండి, మన ఊరి తేమకి తొందరపడటం మంచిది కాదు.

ఆయిల్ నాలుగున్నర లీటర్ల పైచిలుకు పడుతుంది, 5డబ్ల్యూ 40, వోక్స్‌వ్యాగన్ 502 00 అప్రూవల్ ఉన్నది, ఫిల్టర్ కొత్తది. మొదటి స్టార్ట్ నేరుగా ఇవ్వొద్దు. ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్, కాయిల్ కనెక్టర్లు తీసేసి కొన్ని సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టి మధ్యలో ఆగుతూ ఆయిల్ ప్రెషర్ పైకి రానివ్వండి, టెన్షనర్‌కి ఆయిల్ చేరాలి కదా. అప్పుడు అన్నీ తగిలించి స్టార్ట్ చేయండి. మొదట కొంచెం శబ్దం వచ్చి తగ్గిపోద్ది. తగ్గకపోతే వెంటనే ఆపేయండి. కోడ్లు చెరిపేసి, వేడెక్కాక బ్లాక్ 93 మళ్లీ చూసి ఆ నంబర్ రాసి పెట్టుకోండి, తర్వాతి ఏళ్లలో పోల్చుకోటానికి ఇదే మీ మొదటి రీడింగ్. కింద అట్టముక్క వేసి రాత్రంతా ఉంచి పొద్దున్న ఆయిల్ చుక్క ఉందేమో చూడండి.

కొన్ని రోజులు ఆగి చేద్దాం, అప్పటిదాకా నెట్టుకొస్తాం అనుకునేవాళ్లకి ఒక మాట. మన ఊళ్లో మెట్ట రోడ్లు ఎక్కువ, కైలాసగిరి, సింహాచలం కొండ, వాల్తేరు వాలు వీధులు, ఇంటి ముందే ఏటవాలుగా ఆపేవాళ్లు బోలెడు. డ్రైవింగ్ స్కూల్లో ఎత్తుకి చూస్తూ ఆపితే ఫస్ట్ గేర్, పల్లానికి చూస్తూ ఆపితే రివర్స్ గేర్ వేయమంటారు. ఆలోచించండి, ఈ రెండిట్లోనూ బండి కొంచెం జారిందంటే ఇంజిన్ వెనక్కే తిరుగుతుంది. క్లిప్పు మీద రాత్రంతా ఆ లాగుడు పడుద్ది. ఈ టెన్షనర్ ఉన్న మాన్యువల్ బండిని వాలులో ఆపితే క్లచ్ నొక్కి ఉంచి, ముందు హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, బ్రేక్ వదిలి బండి బరువు హ్యాండ్ బ్రేక్ మీద పడ్డాక గేర్ వేయండి, టైరు కింద రాయి పెడితే ఇంకా నయం. సూపర్బ్ డీఎస్జీ (ఆటోమేటిక్ గేర్ బాక్స్) వాళ్లకి ఈ గొడవ లేదు, పార్క్‌లో గేర్‌బాక్స్ లాక్ అవుద్ది, ఇంజిన్ తిరగదు. బ్యాటరీ పోతే జంపర్ కేబుల్ తెచ్చుకోండి, తోయించి స్టార్ట్ చేయించుకోవటం మాత్రం చచ్చినా వద్దు. స్టార్ట్ చేస్తుంటే టప్‌మని శబ్దం వచ్చి సెల్ఫ్ ఎప్పుడూ లేనంత తేలిగ్గా, ఖాళీగా గిర్రున తిరిగితే కంప్రెషన్ పోయినట్టే, రెండోసారి కొట్టొద్దు, ఫ్లాట్‌బెడ్ పిలవండి. కొట్టే ప్రతిసారీ వంగాల్సిన వాల్వుల లెక్క పెరుగుద్ది.

పని అయ్యాక ఆయిల్ ఒకసారి వెయ్యి కిలోమీటర్లకే మార్చేయండి, కొత్త గైడుల పొడి, సీలెంట్ నలకలు పోతాయి. ఆ తర్వాత సర్వీస్ బుక్కులో 15 వేలు రాసి ఉన్నా నేను సగానికే మారుస్తా, వైజాగ్ ట్రాఫిక్‌లో ఎన్ఏడీ నుంచి గాజువాక దాకా ఫస్టూ సెకండూ గేర్లలో పాకే బండికి కిలోమీటర్లు తక్కువ తిరిగినా ఇంజిన్ గంటలు ఎక్కువ, ఆయిల్ పల్చబడితే మొదట బాధపడేది ఆయిల్ ప్రెషర్ మీద బతికే ఈ టెన్షనరే. రీమ్యాప్ చేసేవాడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ బ్లాక్ 93 నంబర్, పార్ట్స్ బిల్లు పట్టుకెళ్లండి, అవి చూడకుండా, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా ల్యాప్‌టాప్ తగిలించేవాడైతే ఇంకొకడిని వెతుక్కోండి.